పనికి ముందరి పని



కిందటి మాఘమాసంలో ఒక సాయంకాలం నేను ఆలయ మండపంలో కూర్చుని ఉండగా, కొత్తగూడెం వైపు నుండి వచ్చిన ఒక యువకుడు దర్శనం ముగించుకుని నా దగ్గరకు వచ్చి నమస్కరించాడు. ఏదో కార్యాలయంలో ఉద్యోగమట. ముఖాన అలసట స్పష్టంగా కనిపిస్తున్నది. "అయ్యగారూ, పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఏడింటి దాకా లేవను. అయినా ఇంటికి పోయేటప్పుడు ఏ ఒక్క పనీ పూర్తి కాలేదనిపిస్తది. ఇవాళ ఇవ్వాల్సింది ఎల్లుండి ఇస్తున్నాను, మాట పడుతున్నాను. ఏ స్తోత్రం చదివితే నా పని చక్కబడతదో చెప్పండి" అని అడిగాడు.

నేను ఒక స్తోత్రం చెప్పి, అక్షతలు వేసి పంపాను. అతడు సంతోషంగానే వెళ్ళాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్తోత్రం చిత్తశాంతిని ఇస్తుంది. అది అవసరమే. అయితే అతడు అడిగిన ప్రశ్నకు మన శాస్త్రంలో ఇంకొక సమాధానం కూడా ఉన్నది. అది నాకు తెలిసి ఉండీ చెప్పలేదు. ఆ మిగిలిన సమాధానమే ఈ వ్యాసం. అతని వంటివారు మన పాఠకులలో ఎందరో ఉంటారని నా నమ్మకం.

పంచకాలములు

భద్రాద్రి రామునికి ఆరాధన పాంచరాత్ర ఆగమం ప్రకారం జరుగుతుందని మీకు తెలుసు. ఆ సంప్రదాయమే భక్తుని దినచర్యను కూడా ఐదు కాలాలుగా విభజించింది. అవి అభిగమనం, ఉపాదానం, ఇజ్య, స్వాధ్యాయం, యోగం. వేదాంత దేశికులు తమ శ్రీపాంచరాత్ర రక్ష అనే గ్రంథంలో ఈ విషయాన్ని విస్తారంగా విచారించారు.

అభిగమనం అంటే సమీపించడం. తెల్లవారుజామున లేచి, శుచియై, స్వామి సన్నిధికి చేరి, ఆనాటి కార్యాలు నిర్విఘ్నంగా సాగాలని ప్రార్థించడం. ఉపాదానం అంటే సమకూర్చుకోవడం. ఆరాధనకు కావలసిన తులసి, పుష్పాలు, ఫలాలు, ధాన్యం మొదలైన ద్రవ్యాలను న్యాయమైన మార్గంలో సేకరించుకోవడం. ఇజ్య అంటే ఆరాధన. స్వాధ్యాయం అంటే శాస్త్రాన్ని చదవడం, వినడం, మననం చేయడం. యోగం అంటే రాత్రివేళ మనస్సును భగవంతునియందు నిలిపి విశ్రమించడం.

పాఠశాలలో మా గురువుగారు ఈ పాఠం చెప్పిన నాడు నాకొక సందేహం కలిగింది. ప్రార్థన, పూజ, చదువు, ధ్యానం, ఈ నాలుగూ గొప్పవే. పువ్వులు కోసుకోవడం, నీళ్ళు తెచ్చుకోవడం వంటి పనికి వాటితో సమానంగా ఒక ప్రత్యేక కాలం ఎందుకు? అది పూజలో ఒక భాగం అంటే సరిపోయేది కదా? ఆ మాటే అడిగాను. గురువుగారు నవ్వి, "పెద్దయ్యాక తెలుస్తుంది లేరా" అన్నారు. తెలిసింది. ఎలా తెలిసిందో ముందు చెబుతాను.

నా వల్ల జరిగిన పొరపాటు

సుమారు నలభై ఏళ్ళ క్రిందట నేను ఈ అడవి అంచున ఒక పాఠశాలలో తెలుగు, సంస్కృతం చెప్పేవాడిని. నా తరగతిలో ఒక కోయ బాలుడు ఉండేవాడు. శబ్దాలు ఒకసారి చెబితే పట్టేసేవాడు. పై చదువుకు వసతితో కూడిన ఒక విద్యాలయంలో చేరడానికి దరఖాస్తు పత్రం తెప్పించాను. అతని తండ్రికి చదువు రాదు. "మీరే చూసుకోవాలి పంతులుగారూ" అని ఆ కాగితం నా చేతిలోనే పెట్టి వెళ్ళాడు. గడువు ఇంకా ఇరవై రోజులకు పైగా ఉన్నది. నేను ఆ పత్రాన్ని భద్రంగా ఉంటుందని నా రఘువంశం పుస్తకంలో పెట్టాను.

ఆ ఇరవై రోజులూ నేను ఖాళీగా లేను. ఇది ముఖ్యమైన మాట, గమనించండి. ఉదయం పాఠాలు, సాయంత్రం పిల్లలకు శ్లోకాల పోటీకి శిక్షణ, రాత్రి ఒక ఉపన్యాసానికి వ్రాత. నన్ను చూసినవారు ఎవరూ సోమరి అనరు. గడువుకు నాలుగు రోజుల ముందు పత్రం గుర్తుకు వచ్చింది. తీసి చదివితే తెలిసింది, దానికి కుల ధ్రువీకరణ పత్రం కావాలి, ఛాయాచిత్రం కావాలి, ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర కావాలి. ధ్రువీకరణకు కార్యాలయం ఉన్న ఊరికి రోజుకు ఒకే బస్సు. రెండవనాడు పెద్ద వాన కురిసింది. వాగు పొంగింది. బస్సు ఆగిపోయింది. గడువు దాటిపోయింది.

చాలా కాలం నేను ఆ వాగు మీద నెపం వేశాను. "ఏం చేస్తాం, దైవికం" అనుకున్నాను. ఆ బాలుడు మరుసటి ఏడు బడికి రాలేదు. తండ్రితో పాటు పనికి వెళ్ళాడు. కొన్నేళ్ళకు శ్రీరామనవమి జనసమ్మర్దంలో భార్యాబిడ్డలతో కనిపించి, "బాగున్నారా పంతులుగారూ" అని నా పాదాలకు నమస్కరించాడు. ఆ పత్రం మాట ఎత్తలేదు. ఎత్తి నిష్ఠూరమాడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. ఆనాడు ఇంటికి వచ్చి ఆలోచిస్తే అసలు సంగతి అర్థమైంది. వాగు పొంగింది గడువుకు రెండు రోజుల ముందు. నా తప్పు జరిగింది పత్రం చేతికి అందిన మొదటి రోజున. ఆ రోజే దానిని ఆసాంతం చదివి, ఏమేమి కావాలో ఒక కాగితం మీద వ్రాసుకుని ఉంటే, వాగుతో నాకు పనే లేదు.

నేను దరఖాస్తు పంపడాన్ని ఒక పని అనుకున్నాను. అది ఇజ్య మాత్రమే. దానికి ముందు ఉపాదానం ఉన్నదని, దానికి వేరే రోజు, వేరే సమయం కేటాయించాలని గుర్తించలేదు. మా గురువుగారి నవ్వుకు అర్థం అప్పుడు తెలిసింది. శాస్త్రకారులకు మన స్వభావం బాగా తెలుసు. ప్రత్యేక కాలం కేటాయించకపోతే మనిషి సన్నాహం చేయడు. పూజకు కూర్చున్న తరువాత పువ్వు కోసం లేస్తాడు, పువ్వు తెచ్చాక అగ్గిపెట్టె కోసం లేస్తాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అని మన పెద్దలు సామెతగా చెప్పినది ఈ స్వభావాన్నే.

గర్భాలయం చెప్పే పాఠం

అర్చకస్వాములు ఆరాధన ఆరంభించే ముందు ఒక్క క్షణం గమనించండి. ముందుగా ఐదు పాత్రలు సిద్ధం చేసుకుంటారు. అర్ఘ్యానికి ఒకటి, పాద్యానికి ఒకటి, ఆచమనీయానికి ఒకటి, స్నానీయానికి ఒకటి, శుద్ధజలానికి ఒకటి. ఒక పళ్ళెంలో నాలుగు మూలల నాలుగు, నడుమ ఒకటి. ఏ పాత్ర స్థానం దానిదే. అందువలన మంత్రం చెబుతూ చేయి చాపితే కావలసిన పాత్ర చేతికి తగులుతుంది. కన్ను స్వామి మీదనే ఉంటుంది. ఏ పాత్ర ఎక్కడ ఉన్నదని వెదకవలసి వస్తే మంత్రం తెగుతుంది, మనస్సు చెదురుతుంది. వస్తువుకు స్థానం నిర్ణయించడంలోని ప్రయోజనం ఇదే. మనస్సును వెదకులాట నుండి విడిపించి పని మీద నిలపడం.

ఇంకొక ఉదాహరణ. చైత్ర శుద్ధ నవమి నాడు అభిజిల్లగ్నంలో సీతారాముల కల్యాణం. మనకు కనిపించేది మిథిలా ప్రాంగణంలో జరిగే ఆ కొద్ది గంటల వైభవం. అయితే తలంబ్రాలు కలపడం ఫాల్గుణ పౌర్ణమి నాడే, అంటే దాదాపు 24 రోజుల ముందే ఆరంభమవుతుంది. బియ్యంలో పసుపు, కుంకుమ, గులాలు, నెయ్యి, సుగంధ ద్రవ్యాలు చేర్చి కలుపుతారు. తూర్పు గోదావరి జిల్లాలోని కోరుకొండ ప్రాంతపు భక్తులు ఇంకా ముందుకు వెళ్ళారు. తలంబ్రాల కోసమే ప్రత్యేకంగా వరి పండించి, ఆ వడ్లను రోకలికి ఇవ్వక గోటితో ఒలిచి తెస్తున్నారు. వడ్లు చల్లిన నాడే వారి మనస్సులో నవమి ఉన్నది. స్వామి శిరస్సు మీద తలంబ్రాలు రాలేది కొన్ని క్షణాలు. ఆ క్షణాల వెనుక నెలల ఉపాదానం.

అడవి చెప్పే పాఠం

శాస్త్రం చదువని వారికి ఇది తెలియదనుకోవద్దు. మన చుట్టూ ఉన్న గిరిజన సోదరులను చూడండి. వేసవి ఆరంభంలో ఇప్పపువ్వు రాత్రి పూట, తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ముదరక ముందే, పశువులు రాక ముందే ఏరుకోవాలి. కోయ స్త్రీలు బుట్టలతో చీకటి ఉండగానే బయలుదేరుతారు. అంతకు ముందే చెట్టు క్రింద ఎండుటాకులు తొలగించి నేలను శుభ్రం చేసి ఉంచుతారు. నేల శుభ్రంగా ఉంటే పువ్వు కంటికి కనిపిస్తుంది, చేతికి సులువుగా వస్తుంది. ఆ శుభ్రం చేసే పని ఆ వేకువలోనే చేయబోతే పువ్వు ఏరే వేళ కాస్తా గడిచిపోతుంది.

తునికాకు సంగతీ అంతే. ఆకు కోత ఏప్రిల్, మే నెలల పని. కానీ ఫిబ్రవరి, మార్చి నెలలలోనే తునికి పొదలను కొట్టివేస్తారు. అప్పుడే లేత చిగురు వచ్చి మంచి ఆకు అవుతుంది. కోసిన ఆకును యాభై చొప్పున కట్టలు కడతారు. కొట్టే కాలంలో కొట్టకపోతే, కోసే కాలంలో ఎంత కష్టపడినా నాణ్యమైన ఆకు రాదు. కష్టానికి ఫలం రావాలంటే ఆ కష్టం సకాలంలో పడాలని వారికి ఎవరూ బోధించనక్కరలేదు.

మన ఇళ్ళలోని తల్లులకూ ఇది తెలిసినదే. రేపు ఉదయపు ఇడ్లీకి ఈ మధ్యాహ్నమే పప్పు నానబోయాలి, రాత్రికి రుబ్బి ఉంచాలి. ఉదయం లేచి ఎంత తొందరపడినా పిండి పులియదు. వంటయింట్లో ఇంత చక్కగా పాటించే ధర్మాన్ని మనం కార్యాలయంలో అడుగుపెట్టగానే మరచిపోతున్నాము.

గోదావరి చెప్పే పాఠం

భద్రాచలంలో గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. ఆ రెండు వరదలనూ చూసినవాడిని నేను. నీరు వీధిలోకి వచ్చిన తరువాత మనిషి ఆలోచన పనిచేయదు. ఏది తీయాలో, ఏది విడవాలో తోచదు. ఈ హెచ్చరికలు ఎందుకు ఉన్నాయంటే, ఆ ఆలోచనను శాంతంగా ఉన్న రోజులలోనే ముగించి పెట్టుకోవడానికి. ఫలానా అడుగుకు ఫలానా పని. నీరు ఆ గుర్తును తాకితే ఇక చర్చ లేదు, నిర్ణయించినది చేయడమే.

మా ఇంట్లో కూడా 1986 తరువాత ఇదే పద్ధతి పెట్టుకున్నాము. మొదటి హెచ్చరికకు తాళపత్రాలు, పుస్తకాలు అటక మీదికి. రెండవదానికి ధాన్యం, పత్రాలు మూటలు కట్టడం. మూడవదానికి ఇల్లు విడవడం. 2022లో మూడవ హెచ్చరిక వెలువడిన రోజున నా భార్య, "పుస్తకాలు చూసుకున్నారా?" అని ఒక్క మాట మాత్రమే అడిగింది. అవి అప్పటికే పైన ఉన్నాయి. తాళం వేసి బయలుదేరాము.

కార్యాలయంలో పనిచేసే వారికి కూడా సంవత్సరంలో కొన్ని వరదలు తప్పవు. మార్చి నెలాఖరు లెక్కలు, తనిఖీలు, పరీక్షలు. అవి ప్రతి ఏటా వచ్చేవే. వచ్చేది తెలిసినప్పుడు, ఎన్ని రోజుల ముందు ఏమి చేయాలో గుర్తులు పెట్టుకోవచ్చును కదా.

క్రమం మనిషిని మించి బ్రతుకుతుంది

భద్రాచల క్షేత్ర చరిత్రలో రామదాసు పేరు అందరికీ తెలుసు. తూము లక్ష్మీనరసింహదాసు పేరు కొందరికే తెలుసు. ఆయన గుంటూరు ప్రాంతం నుండి వచ్చినవారు, లెక్కలు, రెవెన్యూ వ్యవహారాలు తెలిసిన కుటుంబం. 19వ శతాబ్ది తొలి దశకాలలో, కాంచీపురం నుండి వచ్చిన వరద రామదాసుతో కలిసి ఈ స్వామి సేవలో జీవితం గడిపారు. ఇద్దరూ భక్తులే, నరసింహదాసు కీర్తనలు కూడా రచించారు. అయితే వారు చేసిన మరొక మహోపకారం ఉన్నది. స్వామికి నిత్యం జరగవలసినది ఏది, పక్షానికి ఏది, మాసానికి ఏది, సంవత్సరానికి ఏది అని ఉత్సవాలకు, నివేదనలకు ఒక క్రమం ఏర్పరచారని ఇక్కడి సంప్రదాయం చెబుతుంది.

దాని విలువ ఎంతటిదో ఆలోచించండి. సేవ అంతా ఒక భక్తుని జ్ఞాపకం మీద, ఒక భక్తుని ఉత్సాహం మీద ఆధారపడితే, ఆ భక్తునికి జ్వరం వచ్చిన రోజున స్వామికి నైవేద్యం ఆగుతుంది. క్రమం ఏర్పడి ఉంటే ఎవరు వచ్చినా సేవ సాగుతుంది. మీ పని కూడా మీ తలలోనే ఉన్నంత కాలం అది మీకు బరువు, ఇతరులకు అంధకారం. కాగితం మీదికి వచ్చినప్పుడు మీకు తేలిక, ఇతరులకు దారి. ఆ బాలుని పత్రానికి ఏమి కావాలో నేను ఒక చీటీ వ్రాసి నా బల్ల మీద అంటించి ఉంటే, నేను మరచినా తోటి ఉపాధ్యాయుడు ఎవరో ఒకరు గుర్తు చేసేవారు.

రామదాసు వృత్తాంతం నుండి కూడా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దిలో తానీషా ప్రభుత్వం క్రింద పాల్వంచ పరగణాకు తహశీలుదారు. ప్రభుత్వానికి చేరవలసిన పన్ను ధనంతో ఆలయం కట్టించినందుకు గోలకొండ కారాగారంలో పన్నెండేళ్ళు గడిపారని ప్రసిద్ధి. ఆయన భక్తిని తూచే త్రాసు నా వద్ద లేదు. స్వామియే వచ్చి ఋణం తీర్చారని మనం విశ్వసిస్తాము. అయితే ఒక్క విషయం గమనించదగినది. ఆయన ఏదీ దాచలేదు. ఇక్ష్వాకు కులతిలక అనే కీర్తనలో ఎవరికి ఏ ఆభరణం చేయించినది, దానికి ఎంత వ్యయమైనది స్వామికే వరుసగా లెక్క అప్పగించారు. అంతటి దుఃఖంలోనూ లెక్క మరువని అధికారి ఆయన. మనకు ఆయన వంటి భక్తి లేదు, ఆయన వంటి పరీక్షా రాదు. కనుక మనం ఆయన నుండి లెక్క చెప్పుకునే గుణాన్ని నేర్చుకుని, ఒక పనికి ఉద్దేశించిన ధనాన్ని, సమయాన్ని మరొక పనికి మళ్ళించకుండా ఉంటే చాలును.

అత్యవసరమైనది వస్తే?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "ఎంత క్రమంగా పెట్టుకున్నా మధ్యలో అధికారి పిలుస్తాడు, బిడ్డకు జ్వరం వస్తుంది, అప్పుడేమిటి?" అని. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేసి, ఏ భాగంలో ఏ పనో నిర్దేశించాడు. ఆ కాలంలో గడియారం లేదు. నీటి నాళికతోనో, నీడ కొలతతోనో కాలం తెలుసుకునేవారు. పగటి మొదటి భాగంలోనే రక్షణ విషయం, ఆదాయ వ్యయాలు వినాలన్నాడు. అంత కట్టుదిట్టం చేసినవాడే, రాజు తన శక్తికి తగినట్లు ఈ విభజనను మార్చుకోవచ్చునన్నాడు. అత్యవసర కార్యాన్ని మాత్రం వెంటనే వినాలి, వాయిదా వేస్తే అది కష్టసాధ్యమో అసాధ్యమో అవుతుందని హెచ్చరించాడు.

కనుక క్రమం అంటే సంకెల అని భ్రమపడవద్దు. ఉపాదానం జరిగి ఉన్నవానికే అత్యవసరానికి సమయం ఉంటుంది. నిన్నటి పని నేటికి మిగిలినవానికి ప్రతిదీ అత్యవసరమే. నా విషయంలో వాన అత్యవసరం కాలేదు, నేనే దానిని అలా చేసుకున్నాను.

ఐదు కాలాలు, మన ఉద్యోగం

ఇక ఆ యువకునికి నేను చెప్పవలసి ఉండిన మాటలు ఇవి.

అభిగమనం. ఉదయం దేవుని ముందు దీపం పెట్టిన తరువాత, చేతిలోకి ఫోను తీసుకోకముందే, ఈరోజు తప్పక కావలసిన పనులు ఒక కాగితం మీద వ్రాసుకోండి. మన సంకల్పంలో దేశం, కాలం, కర్త, ప్రయోజనం, ఇవన్నీ చెప్పుకుంటాము. అలాగే ఎక్కడ, ఎప్పటికి, ఎవరు, ఎందుకు అన్నది వ్రాయండి. "లెక్కలు చూడాలి" అనే మాట సంకల్పం కాదు. "ఫిబ్రవరి జీతాల లెక్క మధ్యాహ్నానికి ముగించి ఫలానా వారికి ఇవ్వాలి" అన్నది సంకల్పం. పది పనులు వ్రాసి రెండు చేయడం కంటె, మూడు వ్రాసి మూడూ చేయడం మేలు.

ఉపాదానం. ప్రతి పని ప్రక్కన దానికి కావలసిన ద్రవ్యాలు వ్రాయండి. ఏ కాగితం, ఎవరి సంతకం, ఏ సమాచారం, ఎవరి అనుమతి. వాటిలో ఇతరుల నుండి రావలసినవి ముందుగా అడగండి. ఎందుకంటే వారికీ వారి పనులు ఉంటాయి. ఏ పత్రమైనా చేతికి వచ్చిన రోజుననే చివరి దాకా చదవండి. ఇది నేను చాలా మూల్యం చెల్లించి, నిజానికి ఇంకొకరి చేత చెల్లింపజేసి, నేర్చుకున్న పాఠం. శాస్త్రం న్యాయార్జితమైన ద్రవ్యమే పూజకు పనికివస్తుందని చెప్పింది. తోటివారి శ్రమను తనదిగా చూపుకోవడం న్యాయార్జితం కాదని కూడా గుర్తుంచుకోండి.

ఇజ్య. సమకూరిన తరువాత ఒకే పని చేపట్టండి. ఆరాధన మధ్యలో అర్చకుడు బయటకు వచ్చి మాట్లాడడు కదా. ఫోను ఒక ప్రక్కన పెట్టి, ఒక గంటైనా ఆ పనికే ఇవ్వండి. ఆ గంట పూజ అనుకోండి. పూజ అనుకున్నదానిని అశ్రద్ధగా చేయడానికి చేయి రాదు.

స్వాధ్యాయం. సాయంకాలం ఇంటికి బయలుదేరే ముందు పావుగంట ఉదయపు కాగితాన్ని మళ్ళీ చదవండి. అయినది ఏది, కానిది ఏది, ఎందుకు కాలేదు. కానిదానికి "తరువాత" అని కాక ఒక రోజు వ్రాయండి. మీరు చేసే ఉద్యోగానికి సంబంధించిన నియమాలు, కొత్త పద్ధతులు రోజుకు ఒక పుట చదవడం కూడా స్వాధ్యాయమే.

యోగం. రాత్రి పవళింపు సేవ తరువాత ఆలయ తలుపులు మూస్తారు. స్వామికే విశ్రాంతి ఉన్నది, మనకు వద్దా? బల్ల మీది వస్తువులు వాటి స్థానాలలో పెట్టి, రేపటి మొదటి పనికి కావలసినది పైన ఉంచి, ఇక ఆ రోజును స్వామికి అప్పగించండి. పని తలలో పెట్టుకుని పడుకున్నవాడు రాత్రంతా పనిచేసినట్లే అలసిపోతాడు, పని మాత్రం ఒక్క అంగుళం జరగదు.

దాతలకు ఒక విన్నపం

ఈ పత్రికను చదివేవారిలో దాతలు ఎందరో ఉన్నారు. మీ దానం కూడా ఒక ఉపాదానమే. పర్వదినం ముందురోజున వచ్చిన బియ్యానికీ, పక్షం ముందుగా అందిన బియ్యానికీ తూకం ఒకటే. అయితే రెండవది వంటశాల వారికి లెక్క వేసుకునే వీలు ఇస్తుంది, వృథా కానివ్వదు. దానం చేయదలచినది ఏ సేవకో, ఏ తిథికో ముందుగా, స్పష్టంగా వ్రాసి ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. అడగడంలో అపనమ్మకం ఏమీ లేదు. అది స్వామి సొమ్ముకు మనం ఇచ్చే గౌరవం. యాత్రకు వచ్చేవారు కూడా పర్ణశాల వెళ్ళదలిస్తే, వృద్ధులను వెంట తెస్తే, ఎండ వేళలు, వాహనం, బస ముందే చూసుకుని రండి. వెదకులాట తగ్గిన కొద్దీ స్వామిని చూసే సమయం పెరుగుతుంది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దల మాట. నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి, కనుక ఆ మాట ఇప్పుడు నాకు ఇంకా బాగా అర్థమవుతున్నది. నా పుస్తకాల అలమరలో ఏ గ్రంథం ఎవరికి చేరాలో చీటీలు వ్రాసి పెట్టాను. ఆ రఘువంశం పుస్తకం మీద మాత్రం ఏ పేరూ వ్రాయలేదు. ఈ నవమికి ఆ శిష్యుడు కనిపిస్తే, అతని పిల్లలలో చదువుకునే బిడ్డ ఎవరో అడిగి, ఆ బిడ్డ చేతికి ఇవ్వాలని ఉన్నది. నవమి నాటి జనంలో వెదకడం కష్టం కనుక, అతని ఊరు ఏదో ఇప్పుడే విచారిస్తున్నాను.

సీతారాముల అనుగ్రహం వలన మీ పనులన్నీ సకాలంలో నెరవేరు గాక.

సర్వం శ్రీరామచంద్ర చరణారవిందార్పణమస్తు.